డైనమో చెవిలో దూది

మిరపకాయలు మోసిన గోనెసంచి ఎన్నేళ్లు మూలన పడున్నా దాని ఘాటు చావదు. మొన్న సున్నాలు వేయించడానికి గుంటూరులోని మా ఇంటి అటక ఖాళీ చేయిస్తుంటే, పాత పరుపుల వెనకనుంచి ఒక బరువైన మూట దిగింది. అది దిగీ దిగకముందే సున్నం వేసే ఇద్దరూ, కింద నిలబడ్డ నేనూ వరసపెట్టి తుమ్మడం మొదలుపెట్టాం. "ఏందమ్మా ఇది, ఇంత బరువుంది, రోలా?" అని అడిగాడు వాళ్లలో ఒకడు. రోలు కాదు. మూట విప్పకుండానే అదేమిటో నాకు తెలుసు. మా నాన్న టాక్సీ తాలూకు పాత డైనమో అది. ఇంజను తిరుగుతున్నంతసేపూ తానూ తిరిగి బ్యాటరీకి కరెంటు అందించే జానెడు పొడవు ఇనుప డబ్బా. నలభై ఏళ్లలో మేం నాలుగు ఇళ్లు మారాం, ప్రతి ఇంట్లోనూ అది అటకే ఎక్కింది. పారెయ్యమని నాన్న అనలేదు, విప్పుదామని నేనూ అనలేదు. విప్పితే లోపల ఏం కనిపిస్తుందో అన్న భయం నాకొక్కదానికే తెలుసు. యాభై దాటాక మోకాళ్లతోపాటు భయాలు మోసే ఓపిక కూడా అరిగిపోతుందేమో, ఈసారి దాన్ని మళ్లీ పైకి ఎక్కించమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాకు పదేళ్లప్పుడు మేం వినుకొండలో, కొండ నీడ పొద్దున్నే ఇంటిమీద పడే వీధిలో ఉండేవాళ్లం. రెండు గదుల పెంకుటిల్లు, ముందు ఇంటికంటే పెద్ద ఖాళీ స్థలం, అందులో ఒక గంగరావి చెట్టు, చెట్టుకింద మా నాన్న దానియేలు నడిపే గుండ్రటి బానెట్టు తెల్ల కారు. అది ఎవరి దగ్గరో ఎన్నో ఏళ్లు తిరిగి తిరిగి చివరికి మా దగ్గరికొచ్చిన కారు. దాని సీట్లలో కొబ్బరిపీచు బయటికొచ్చి తొడలకు గుచ్చుకునేది, తలుపు వెయ్యాలంటే ఒక పద్ధతి, తియ్యాలంటే ఇంకో పద్ధతి ఉండేవి. ఎండాకాలం సెలవుల్లో వీధిలో పిల్లలం తొక్కుడుబిళ్ల ఆడి ఆడి కాళ్లు కాలాక ఆ కార్లో దూరి గుంటూరనీ, ఒంగోలనీ, ఎన్నడూ చూడని బొంబాయనీ ఊళ్ల పేర్లు అరుస్తూ స్టీరింగు తిప్పేవాళ్లం. లోపల పెట్రోలు వాసనా, రెక్సిన్ వాసనా, ఫిబ్రవరినుంచి ఏప్రిల్ దాకా అన్నిటినీ మింగేసే మిరపకాయల వాసనా ఉండేవి. కోతల కాలంలో ఊరిచుట్టూ కల్లాలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టుండేవి. గాలి వీచిందంటే ఆ ధూళి అన్నం కంచంలోకి, ఆరేసిన బట్టల్లోకి, నిద్రపోయే పిల్లల ముక్కుల్లోకి, కార్ల ఇంజన్లలోకి సమానంగా పంపకం అయ్యేది.

నాన్నకి పొలం లేదు, ఐదో తరగతి దాటిన చదువు లేదు, చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దరికం లేదు. ఆయనకున్నదల్లా కుడి అరచెయ్యి. ఆదివారం ఆరాధన అయ్యాక, కోడికూర అన్నం తిన్నాక, ఊళ్లో టాక్సీ డ్రైవర్లు ఒక్కొక్కరే కార్లేసుకుని మా గంగరావి చెట్టుకిందికి చేరేవాళ్లు. "దానియేలూ, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఆరట్లేదురా, కాస్త చూడు" అనేవాళ్లు. బ్యాటరీకి కరెంటు అందకపోతే వెలిగే దీపం అది. మా ఇంట్లో మీటర్లూ గీటర్లూ లేవు. పాత హెడ్‌లైటు బల్బుకి రెండు వైరుముక్కలు అతికించుకుని దాన్నే పరీక్ష దీపం అనేవాడు నాన్న. డైనమో వెనకున్న పెద్ద వైరూ, చిన్న వైరూ పీకేసి, ఆ రెండు మొనల్నీ రాగి తీగతో ఒకటి చేసి, అక్కడికీ డైనమో ఒంటికీ మధ్య బల్బు పట్టుకుని, ఇంజను నెమ్మదిగా తిప్పమనేవాడు. బల్బు వెలిగితే డైనమో బతికున్నట్టు, లోపం వైర్లలోనో రెగ్యులేటర్లోనో ఉన్నట్టు. వెలక్కపోతే డైనమో పోయినట్టు.

కానీ బల్బు పట్టుకోకముందే నాన్న తిరుగుతున్న డైనమో ఒంటిమీద అరచెయ్యి వేసేవాడు. పాస్టరుగారు పసిపిల్లల తలమీద చెయ్యి వేసినంత నెమ్మదిగా వేసి, కళ్లు మూసుకుని, "బేరింగు ఊగుతోంది" అనో, "లోపల కార్బన్లు అరిగి గీసుకుంటున్నాయి" అనో, "దీనికేం రోగం లేదు, వైర్లు చూసుకో" అనో చెప్పేవాడు. తర్వాత బల్బు కూడా అదే మాట చెప్పేది. నాన్నకి ప్రాణస్నేహితుడు కోటయ్య మామ కూడా టాక్సీ డ్రైవరే. గొంతు మైకులాంటిది. "దానియేలు చెయ్యేశాక ఇంక బల్బు దేనికిరా, దండగ" అని వీధంతా వినపడేలా అరిచేవాడు. అప్పుడు నాన్న ముఖంలో వచ్చే సిగ్గు చూడటానికి నేను పని ఉన్నట్టు నటిస్తూ అక్కడక్కడే తిరిగేదాన్ని.

డిసెంబరు వచ్చిందంటే మా ప్రాంతమంతా దూదే. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే ఆడవాళ్లు ఒడి కట్టుకుని పత్తి తియ్యడానికి వెళ్లేవాళ్లు. సాయంత్రానికి పత్తి కుక్కిన బోరాల బండ్లు రోడ్డెక్కేవి, బండి పోయినంత మేరా తుమ్మకంపలకు తెల్లటి పోగులు వేలాడేవి. బడినుంచి వస్తూ ఆ పోగులు ఏరుకోవడం మాకు ఆటా పనీ రెండూను. అవి చర్చికి కావాలి. సరుగుడు కొమ్మ నరికి తెచ్చి క్రిస్మస్ చెట్టు చేసి, మేమెవ్వరం జన్మలో చూడని మంచుని దానిమీద దూదితో కురిపించేవాళ్లం. ఇళ్లల్లో అరిసెల పాకం వాసన, కజ్జికాయల్లో యాలకుల వాసన, వాకిట్లో వెదురుబద్దల నక్షత్రానికి అతికించే మైదాపిండి జిగురు వాసన ఉండేవి. మా నాయనమ్మకి మాత్రం డిసెంబరంటే చెవుల కాలం. సందెపడితే చాలు, నీలగిరి తైలంలో ముంచిన దూది రెండు చెవుల్లో కుక్కుకుని, నన్ను కూడా పట్టుకుని కుక్కేది. "లోపలికి గాలిపోతే రోగం, ధూళిపోతే రోగం. చెవి మూసినోళ్లకి ఏ రోగం రాదే" అనేది. ఆవిడ తొంభై ఏళ్లు బతికింది కాబట్టి ఆ వైద్యాన్ని కాదనడానికి మాకు నోరు లేకపోయింది.

ఏటా క్రిస్మస్‌కి ముందు నాన్న కారుకి తలంటు పోసేవాడు. ఆ ఏడు డైనమో కూడా విప్పి గోనెపట్టా మీద పెట్టుకుని కూర్చున్నాడు. దాని వెనకభాగంలో రెండు చిన్న కిటికీలుంటాయి, వాటిమీద ఒక రేకుపట్టీ. పట్టీ తీసి ఊదితే ఎర్రటి పొడి రేగి నాన్నకీ నాకూ తుమ్ములొచ్చాయి. "చూశావా సువార్తా, పోయిన వేసవి కల్లాల ధూళి. ఇదిపోయి కూర్చునే డైనమోల ప్రాణం తీస్తోంది" అన్నాడు. లోపల రాగిరింగుని పెట్రోలు గుడ్డతో తుడిచి, దానికి ఆనుకుని కరెంటు బయటికి తెచ్చే కార్బన్ ముక్కల్ని తీసి కొత్తవి వేశాడు. ఇంతలో అమ్మ చద్దన్నానికి పిలిచింది. పట్టీ బిగించడం ఒక్కటే మిగిలింది, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

నా గౌను జేబులో చర్చికోసం ఏరిన దూది ఉంది. ధూళి పోతే రోగమని నాయనమ్మ రోజూ చెప్తోంది, ధూళే దీని ప్రాణం తీస్తోందని నాన్న ఇప్పుడే చెప్పాడు. ఇంత తేలిక వైద్యం నాన్నకి తట్టలేదేమిటా అనుకున్నాను. దూదిని చిన్న ఉండ చేసి, ఒక కిటికీలోకి పెట్టి, ఊడిపోకుండా పెన్సిలుతో లోపలికంటా కుక్కాను. రెండోదాంట్లో పెట్టేలోపల నాన్న గొంతు వినపడి లేచిపోయాను. ఆయన వచ్చి, సూర్యుడు నెత్తిమీదకొస్తున్నాడనే తొందరలో, పట్టీ బిగించి డైనమోని కార్లో పెట్టేశాడు. క్రిస్మస్ పండగరోజు చెబుదాం, మెచ్చుకుంటాడు అనుకున్నాను. అంత గొప్పపని చేశానని నా నమ్మకం.

నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదోరోజునుంచి ఎర్రదీపం వెలగడం, ఆరడం. ఆ సాయంత్రమే చర్చి పాటల పిల్లల్ని పొదిలి రోడ్డులో ఒక పల్లెకి తీసుకెళ్లాలి. అక్కడివాళ్లు మాకోసం పందిరేసి, వంటలు చేసి ఎదురుచూస్తున్నారు. పాస్టరుగారు ఎర్రదీపం చూసి, "దానియేలూ, వేరే బండి మాట్లాడమంటావా?" అని అడిగారు. నాన్న బానెట్టు ఎత్తి, డైనమో మీద చెయ్యేసి కళ్లు మూసుకున్నాడు. చుట్టూ డ్రైవర్లున్నారు, కోటయ్య మామ ఉన్నాడు. "డైనమోకి ఏ రోగం లేదయ్యగారూ, నేనే విప్పి కట్టాను. ఏదో వైరు వదులైంది. నాదీ పూచీ" అన్నాడు. వైర్లు బిగించాడు, దీపం ఆరింది. ఎనిమిదిమంది పిల్లలం, ఒక డోలకు, పాస్టరుగారు ఎక్కాం. పొద్దు వాలి, లైట్లు వేసిన కాసేపటికి వాటి వెలుగు పచ్చబడింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత లేదు. రెండువైపులా పత్తిచేల మధ్య ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆ పల్లెకి మేం నడిచే వెళ్లాం. డోలకు పాస్టరుగారే భుజాన వేసుకున్నారు. చేరేసరికి పందిట్లో చిన్నపిల్లలు నిద్రపోయారు, సగంమంది ఇళ్లకు పోయారు, అన్నం చల్లారిపోయింది. గొంతులెండిపోయి మేం పాడిన రెండు పాటలూ ఎవరూ వినలేదు. పాస్టరుగారు కోప్పడి ఉంటే నాన్న తట్టుకునేవాడేమో. ఆయన మాత్రం "పర్లేదులే దానియేలూ" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నాన్న తన కుడి అరచేతిని చొక్కాకి తుడుచుకోవడం చూశాను. అక్కడ తుడుచుకోవాల్సిందేమీ లేదు.

మర్నాడు ట్రాక్టరు కట్టి లాక్కొచ్చిన కారుని గంగరావి చెట్టుకింద పెట్టి, వేరే బ్యాటరీ అరువు తెచ్చి ఇంజను తిప్పారు. నాన్న వైర్లు పీకాడు, రాగితీగతో కలిపాడు, బల్బు పట్టాడు. వెలగలేదు. ఇంజను ఇంకాస్త పెంచమన్నాడు. వెలగలేదు. డైనమోమీద చెయ్యేసి చాలాసేపు ఉంచాడు. "నా చేతికి బాగానే తెలుస్తోంది కోటయ్యా" అన్నాడు, చెప్పినట్టు కాదు, అడిగినట్టు. ఎప్పుడూ అరిచే కోటయ్య మామ ఆరోజు గొంతు తగ్గించి, "చేతికేం తెలుస్తుందిరా? బల్బు వెలగట్లేదు కదా. దీపం అబద్ధం చెప్పదు" అన్నాడు.

నాన్న రేకుపట్టీ తీశాడు. నేను నీళ్ల చెంబుతో పక్కనే నిలబడి ఉన్నాను. అప్పటికి నాకు సగం అర్థమైంది, మిగతా సగం అర్థం కాకూడదని ప్రార్థన చేస్తున్నాను. ఆయన కిటికీకి ముఖం దగ్గరగా పెట్టి, దూరం పెట్టి, మళ్లీ దగ్గరగా పెట్టి చూశాడు. దగ్గరి చూపు మందగించే వయసు ఆయనకప్పుడే మొదలైందని ఇప్పుడు నా కళ్లజోడు చెప్తోంది. అదీగాక దూది ఈపాటికి కార్బన్ మసి తాగి నల్లబడే ఉంటుంది. "కార్బన్లు కొత్తవే. నేనేసినవే" అని పట్టీ మూసేశాడు. నేను చెప్పాల్సిన క్షణం అదే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చెంబు అందించాను.

కోటయ్య మామ గుంటూరు వెళ్లి, లోపలి రాగితీగ చుట్లు కొత్తగా చుట్టించిన వేరే డైనమో తెచ్చాడు. బోల్టులు సడలించి, బెల్టు తప్పించి పాతదాన్ని దించారు, కొత్తదాన్ని బిగించారు, బెల్టుని బొటనవేలితో నొక్కి చూశారు. కొత్త డైనమోని తిప్పేముందు బ్యాటరీనుంచి ఒక వైరుతో దాని చిన్న మొనకి ఒక్క నిప్పురవ్వ తగిలించాలి, లేకపోతే కరెంటు ఏ వైపు పంపాలో దానికి తెలియదు. ఆ పనికి మా ఊరి డ్రైవర్లు, హిందువులూ క్రైస్తవులూ అందరూ, పెట్టుకున్న పేరు బాప్తిస్మం. "ఇవ్వరా దానియేలూ, నీ చేత్తోనే ఇవ్వు" అన్నాడు కోటయ్య మామ, నవ్విద్దామని. నాన్న వైరు ఆయన చేతికిచ్చి, "నువ్వే ఇవ్వు" అన్నాడు. రవ్వ చిట్లింది, ఇంజను తిరిగింది, బల్బు భగ్గున వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ఆ కొత్త డైనమో మీద చెయ్యి వెయ్యలేదు.

తర్వాత ఆదివారాలు పల్చబడ్డాయి. మొదట్లో ఒకళ్లిద్దరు వచ్చేవాళ్లు. "నాకు తెలియట్లేదురా, బజార్లో షాపుంది, మీటరు పెట్టి చూస్తారు" అని పంపేసేవాడు. రాను రాను ఎవరూ రాలేదు. పాత డైనమోని తీరికగా విప్పి చూస్తానన్నాడు. కానీ తన చెయ్యి ఎందుకు తప్పిందో చూడటానికి ఆయనకి భయం, ఎందుకు తప్పిందో తెలిసి నాకు భయం, అలా అది గోనెసంచిలో అటకెక్కింది. ఇంట్లో ఎవరైనా దూది అంటే నేను గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. దెబ్బలు తింటానని మొదటి ఏడు చెప్పలేదు. ఏడాదైపోయాక ఇప్పుడు చెబితే ఏం బాగుంటుందని చెప్పలేదు. కాలేజీలో చేరాక, బళ్లో టీచరయ్యాక, అమ్మ పోయి నాన్న నా దగ్గరికి వచ్చేశాక కూడా, ఆయన కారు నడపడం మానేసి కూడా చాలాకాలమైంది కదా, ఇంకెందుకులే అని చెప్పలేదు. సాకు వయసుతోపాటు మారుతూ వచ్చింది, నేను మారలేదు.

మొన్న మూట కిందపెట్టిన చప్పుడికి, వరండాలో కుర్చీలో కునుకుతీస్తున్న నాన్న కళ్లు తెరిచాడు. ఎనభై దాటిన మనిషి. ఫోన్ మోగితే వినపడదు గాని, "డైనమో కదూ?" అన్నాడు.

సున్నంవాళ్లు టీలకి వెళ్లాక ఆయన ముందే నేలమీద కూర్చుని పట్టీ మర మీద కిరోసిన్ పోసి, చాలాసేపు కష్టపడి విప్పాను. కళ్లజోడు సర్దుకుని, కనుబొమలు పీకే పట్టకారుతో లోపలికి వెతికాను. దొరికింది. కార్బన్ ముక్క కింద, రాగిరింగుకి అది ఆనకుండా అడ్డంగా, ఆరిపోయిన దీపం వత్తిలా నల్లగా. అరచేతిలో పెట్టి విప్పితే మధ్యలో ఇంకా తెల్లగానే ఉంది. ఉండదేమో, కారణం ఇంకేదో అయి ఉంటుందేమో అన్న నలభై ఏళ్ల ఆశ అక్కడితో అయిపోయింది. "నేనే పెట్టాను నాన్నా. ధూళి పోకుండా. నాయనమ్మ చెవుల్లో పెట్టినట్టు" అన్నాను. చెప్తూంటే గొంతు పదేళ్లపిల్ల గొంతులాగే వచ్చింది.

ఆయన ఆ దూదిని వేళ్లమధ్య నలిపి చూశాడు, వాసన చూశాడు. తర్వాత ఇన్వర్టరు బ్యాటరీ దగ్గర్నుంచి వైర్లు తెమ్మన్నాడు. ఇరుసు పట్టుకుని చేత్తో కాసేపు ఇటూ అటూ తిప్పి, వెనక రెండు మొనలూ కలిపి ఒక వైరు అక్కడా, ఇంకో వైరు డైనమో ఒంటికీ పెట్టించాడు. మంచి డైనమోకి కరెంటిస్తే మోటారులా తిరుగుతుంది, అది కూడా ఒక పరీక్షే. ముందు మూలిగింది. తర్వాత, తుప్పు రాలుస్తూ, మెల్లగా, తిరిగింది. నాన్న దానిమీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు.

"నా చెయ్యి అబద్ధం చెప్పలేదు" అన్నాడు. చెయ్యి దానిమీద అలాగే ఉంచి, "కోటయ్య అన్నట్టు దీపమూ అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పనిది నువ్వేనమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది. ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చాను, ఆయన రెండో చెయ్యి నా తలమీద వేశాడు, కానీ పర్లేదులే అని మాత్రం అనలేదు. ఆ మాట ఎంత బరువో ఆయనకి తెలుసు.

ఇవాళ పొద్దున కాఫీ తాగాక, "నీ కారు బానెట్టు తియ్యి ఒకసారి, ఇంజను వేసి" అన్నాడు. నా చిన్న కారు కొని ఆరేళ్లయింది, అందులో ఎక్కడమే గాని ఏనాడూ దాని బానెట్టు కింద ఏముందని అడగని మనిషి. పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడని అప్పుడు గమనించాను. ఇంజను వేసి, బానెట్టు ఎత్తి పట్టుకున్నాను. లోపల పైనంతా నల్లటి ప్లాస్టిక్ మూత. డైనమో స్థానంలో ఇప్పుడు ఆల్టర్నేటరని వేరే ఉంటుందనీ, అదెక్కడో అడుగున ఉంటుందనీ, పోతే విప్పరనీ, మార్చేస్తారనీ, పోయినేడు నా కారుకి మార్చినప్పుడు పాతది ఎలా ఉంటుందో కూడా నాకు చూపించలేదనీ చెప్పాను. ఆయన వింటూనే వంగి, మూత అంచులవెంట వేళ్లు పోనిచ్చి సందు వెతికాడు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. చివరికి ఆ ప్లాస్టిక్ మీదే అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

"చెయ్యి పెట్టే చోటే లేదే దీంట్లో" అన్నాడు.

ఆయన చెయ్యి తీసేదాకా ఆగి, బానెట్టు నేనే మూశాను.